కార్లకు కట్టిన టెంట్

గాలి లేదు. పక్కనే ఉన్న జామతోటలో ఆకు కూడా కదలడం లేదు. అయినా టెంట్ వెనక మూల తాడు వణుకుతోంది. బట్టలారేసే తీగ మీది పిట్ట ఎగిరిపోయాక తీగ ఎలా వణుకుతుందో అలా. కాకపోతే తీగ కాసేపటికి ఆగుతుంది. ఇది ఆగడం లేదు.

నేను టెంట్ గుమ్మం దగ్గర జంపఖానా పరుచుకుని కూర్చున్నాను. ఒళ్లో మూత ఉన్న స్టీలు డబ్బా. ఆ రోజు అక్కడికి వచ్చిన కార్ల తాళాలన్నీ అందులో ఉన్నాయి. లోపల మా అమ్మాయి, మా అబ్బాయి, ఇంకొందరు పిల్లలు చుట్టిపెట్టిన పరుపుల మీదికెక్కి దూకుతున్నారు. వాళ్లే లాగుతున్నారేమోనని, "తాడు వదలండర్రా" అన్నాను. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. "మేం పట్టుకోలేదు ఆంటీ" అన్నారు.

ఆ తాడు రెండో కొస ఒక వ్యాను వెనక బంపరుకు కట్టి ఉంది. ఇంజన్ నడుస్తుంటే బంపరు అదురుతుంది, బంపరు అదిరితే తాడు వణుకుతుంది. అంతవరకూ నాకు తట్టింది. కానీ తాళాలు నా ఒళ్లో ఉండగా ఇంజన్ ఎలా నడుస్తుంది? వెంటనే లేవలేదు నేను. మూత తీసి తాళాలు చూశాను. ఆ వ్యాను తాళానికి వినాయకుడి బొమ్మ వేలాడుతుంటుంది. వినాయకుడు డబ్బాలోనే ఉన్నాడు. ఉన్నాడు కాబట్టి భయం లేదని మనసు చెబుతోంది. తాడు ఇంకోటి చెబుతోంది. దేన్ని నమ్మాలో తేలక అలాగే కూర్చున్నాను.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి నా వయసు చాలదని తెలుసు. ఉద్యోగం మానేసి ఏడాది తిరగలేదు. పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మధ్యలో మొదలుపెట్టాను. ఇప్పుడు మాదాపూర్ వైపు ఎన్ని కంపెనీలు తెరుస్తున్నారో మీకు తెలుసు. ప్రతి కంపెనీలోనూ అడ్మిన్ అని ఒక బల్ల ఉంటుంది. దాని వెనక డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఉంటుంది. టీ కషాయంలా ఉన్నా, ఏసీ నీళ్లు కారినా, బస్సు రాకపోయినా అందరూ ఆమె వైపే చూస్తారు. ఏదో ఒక రోజు, జన్మలో చూడని వస్తువు ఒకటి కొనమని ఆమెకు పైనుంచి మాట వస్తుంది. అలాంటి అమ్మాయిలు చదువుతారని రాస్తున్నాను. నా వంతుకు వచ్చిన వస్తువు టెంట్.

మా కంపెనీ హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన భవనంలో అర అంతస్తు. కిటికీలోంచి చూస్తే బండలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య మేకలు. లోపల మాత్రం అందరూ రాత్రింబవళ్లు పనిచేసేవారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయట. అవి మరిచిపోకుండా చూడడం మావాళ్ల పని. ఆ పనిలో పడి సొంత పిల్లల పుట్టినరోజులు మరిచిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల ఇళ్లనుంచి నాకే ఫోన్లు వచ్చేవి.

మా పెద్దాయన, అంటే కంపెనీ నడిపే ఆయన, చాలా ఏళ్లు బయటి దేశంలో ఉండి వచ్చినవాడు. ఒకరోజు నన్ను పిలిచి, "శనివారం అందరం కుటుంబాలతో కార్లేసుకుని వెళ్దాం. టెంట్ వేసుకుని రాత్రికి అక్కడే ఉందాం. కార్ క్యాంపింగ్ అంటారు దీన్ని. వీపున మోసుకెళ్లేది ఏమీ ఉండదు, కారే మోస్తుంది. అందుకని బరువు గురించి చూడకండి. విశాలంగా ఉండాలి, గట్టిగా ఉండాలి, పదేళ్లు మన్నాలి. తర్వాత ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్తారు" అన్నాడు.

ఆ మాటల్లో తప్పేమీ లేదు. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఇప్పటికీ కనిపించదు.

నాకు తెలిసిన టెంట్ ఒక్కటే, టెంట్ హౌస్ వాళ్లు వీధికి అడ్డంగా వేసేది. పెళ్లికీ చావుకీ ఒకటే గుడ్డ. దాంట్లో ఎవరూ పడుకోరు. పడుకునే టెంట్ ఎలా ఉంటుందని ఆఫీసులో వాకబు చేస్తే, ఒక ప్రోగ్రామరు తాను బయటినుంచి తెచ్చుకున్న టెంట్ పట్టుకొచ్చాడు. మీటింగ్ గదిలో బల్లలు పక్కకు జరిపి విప్పాడు. విల్లులా వంగే సన్నటి పుల్లలు, గొడుగు గుడ్డలాంటి పల్చటి బట్ట, అటొకటి ఇటొకటి రెండు గుమ్మాలు, కింద అడుగు కూడా కలిపి కుట్టేశారు. బోర్లించిన గిన్నెలా ఉంది. చూస్తుండగానే లేచి నిలబడింది. అంత సులువుగా లేచినదాన్ని ఎలా నమ్మాలో నాకు అర్థం కాలేదు.

రిసెప్షన్‌లో పనిచేసే అక్క వచ్చి చూసింది. ఆమె కొత్తగూడలో పుట్టి పెరిగింది. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆఫీసులో నాకు ధైర్యం ఆమే. వంగి లోపలికి తల పెట్టి, అలాగే వెనక్కి వచ్చింది.

"ఏందమ్మా, గింత పొట్టిగుంది? దీంట్ల చీరెట్ల గట్టుకుంటం? పండుకొని గట్టుకోవాల్నా?"

"ఆరుగురు పడతారని రాశారక్కా సంచి మీద."

అకౌంట్స్ మేనేజరుగారు టీ కప్పుతో గుమ్మంలో నిలబడి వింటున్నారు. రాజమండ్రి వైపు మనిషి, ఏ ఖర్చు కాగితమైనా రెండుసార్లు చదువుతారు. "ఆరుగురంటే ఎవరండీ ఆరుగురు?" అన్నారు. "మా ఆవిడ, మా అత్తగారు, వాళ్ల పరుపులు, ఫ్లాస్కు, మందుల సంచి. అక్కడికే నిండిపోయింది. నేను బయట జామచెట్టు కింద కూర్చుని కాపలా కాయాలా?"

అందరూ నవ్వారు. ప్రోగ్రామరు కుర్రాడు మాత్రం నొచ్చుకున్నాడు. "ఎత్తు తక్కువుంటేనే గాలికి ఆగుతుంది మేడం" అని ఒక మాట అన్నాడు. విన్నాను. కానీ చీర కట్టుకోవడం కళ్ల ముందున్న సమస్య, గాలి ఎక్కడో ఉన్న సమస్య.

తర్వాత అక్కా నేనూ సికింద్రాబాద్ వెళ్లాం. పాత మిలిటరీ సామాను అమ్మే కొట్లు అక్కడ వరసగా ఉన్నాయి. ఒక కొట్టాయన మడత పెట్టిన ముదురాకుపచ్చ కాన్వాసును నేల మీద పడేశాడు. దుమ్ము లేచింది, మైనం వాసన కొట్టింది. ఇంటి ఆకారంలో నిలబడే టెంట్ అది. ముందొక ఇనప గుంజ, వెనకొక ఇనప గుంజ, రెండింటినీ కలుపుతూ పైన పొడవాటి ఇనప గొట్టం. గుమ్మం ఒక్కటే, తాడుతో అల్లి మూసుకోవాలి.

"దీన్ని చింపాలంటె ఏనుగు గావాలె అమ్మా," అన్నాడు ఆయన.

"ఏనుగు మా ఆఫీసుల లేదు గని, అకౌంట్స్ సారున్నడు," అంది అక్క.

కొనేముందు ఒకసారి నిలబెట్టి చూపించమన్నాను. ఆఫీసు కింద కార్లు పెట్టే సెల్లారులో నిలబెట్టారు. కింద కాంక్రీటు. మేకులు దిగవు కాబట్టి తాళ్లు నాలుగు స్తంభాలకు కట్టారు. గోడలా నిలబడింది. అక్క ఒక చీర పట్టుకుని లోపలికి వెళ్లింది. మేము ఆడవాళ్లమంతా బయట నిలబడ్డాం. కాసేపటికి కొత్త చీరతో, కొంగు సర్దుకుంటూ వచ్చింది.

"కుచ్చిళ్లు గూడ సక్కగ వడ్డయి. గిదే కొనుర్రి."

అలా కొన్నాం, ఆడవాళ్లూ పిల్లలూ అందులో, మగవాళ్లు ఆరుబయట అనుకుని. నవ్వకండి. ఆ రోజు అక్కడున్న ఆడవాళ్లందరికీ అది సరైన పరీక్షే. ఇంజనీరింగ్ చదివినవాళ్లూ ఉన్నారు ఆ గుంపులో. పరాయి మగవాళ్ల మధ్య ఒక రాత్రి గడపాలంటే, నిలబడి చీర మార్చుకునే చోటుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. జవాబు దొరికిన సంతోషంలో మిగతా ప్రశ్నలు ఏమిటో ఎవరికీ గుర్తు రాలేదు.

నేను మాత్రం వేరే భయాలతో నిద్రపోలేదు. కొంచెం భయస్తురాలిని, మా ఆయన మాటల్లో 'కొంచెం' అన్నది అబద్ధం. టెంట్‌కు అడుగు లేదు, పాము వస్తే? టార్పాలిన్ కుట్టించాను. జనరేటరు వైరు పిల్లలు తొక్కితే? అది చెట్ల మీదుగా వేయించమన్నాను. ఊరికుక్కలు, తేళ్లు, బావి. తోటలో బావి ఉందా అని ఫోన్ చేసి అడిగాను. ఉందన్నారు, దాని చుట్టూ ముళ్లకంప వేయించాను.

శనివారం మధ్యాహ్నం అందరం బయల్దేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు, పిల్లలను తీసుకుని నేనే వెళ్లాను. నల్లగండ్ల దాటి తెల్లాపూర్ వెళ్లే దారిలో, ఎవరో తెలిసినవాళ్ల జామతోట. తోట పక్కన పెద్ద ఖాళీ చోటు, పచ్చిక కూడా ఉంది. చూడగానే బాగుందనిపించింది. టెంట్ వేయడానికి మాదాపూర్ టెంట్ హౌస్ ఆయన్ని మాట్లాడుకున్నాం. తన మనుషుల్ని, జనరేటరును తెచ్చాడు.

"మేడం, జర కూసోర్రి. ఎన్ని పెండ్లి పందిర్లేసినం, గిదేం లెక్క. ఫికర్ జెయ్యకుర్రి" అన్నాడు.

మొదటి మేకు బెత్తెడు దిగి ఠంగుమని ఆగింది. పక్కన కొట్టారు, అక్కడా అంతే. ఎక్కడ కొట్టినా పైన మట్టి, కింద పరుపుబండ. ఆ పచ్చికంతా బండ మీద వేసిన దుప్పటి. వేరే చోట చూద్దామంటే తోటలో చెట్ల మధ్య అంత టెంట్ పట్టదు. విశాలమైనది కొన్నాం కదా.

"బండల మేకు దిగదు మేడం. దేనికన్న గట్టాలె," అన్నాడు టెంట్ హౌస్ ఆయన.

"సెల్లారులో స్తంభాలకు కట్టాం కదండీ," అన్నారు అకౌంట్స్ మేనేజరుగారు. "ఇక్కడ స్తంభాల్లేవు, కార్లున్నాయి. ఒక్కోటి టన్ను బరువు. అంతకన్నా గట్టి మేకు ఏముంటుంది?"

అందరికీ నచ్చింది. ఆయనే ముందుగా తన వ్యాను తెచ్చి వెనక మూల పెట్టారు. మిగతా మూలలకు మిగతా కార్లు. తాళ్లు బంపర్లకు బిగించారు. టెంట్ హౌస్ ఆయన తాడు మీద వేలితో కొట్టి చూసి, "గాలి గాదు, గాలి తాతొచ్చినా కదలది" అన్నాడు. అక్క తల ఊపింది. నేనూ ఊపాను. నాలుగు వైపులా కార్లు, మధ్యలో టెంట్. కార్ క్యాంపింగ్ అంటే బహుశా ఇదే అయి ఉంటుందని కూడా అనుకున్నాను. అడుగుదామంటే పెద్దాయన భోజనాల వేళకు వస్తానన్నాడు, ఇంకా రాలేదు.

ఆ తర్వాత నా అలవాటు ప్రకారం భయం మొదలైంది. ఎవరైనా కారు తీస్తే? అందుకని స్టీలు డబ్బా ఖాళీ చేసి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తాళాలు తీసుకున్నాను. అకౌంట్స్ మేనేజరుగారు వినాయకుడి బొమ్మ తాళం డబ్బాలో వేస్తూ, "డబ్బా ఎందుకండీ, గుత్తి చేసి బొడ్లో దోపుకోండి. అచ్చం మా అత్తగారిలా ఉంటారు" అన్నారు. ఆవిడ పక్కనే ఉంది. ఆయనకు ఆ సాయంత్రం పకోడీలు అందలేదు.

అన్ని తాళాలూ వచ్చాయి. ఇక ఏ కారూ కదలదని అందరికీ చెప్పాను. అలా చెబుతున్నప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది. అంత భయాన్నీ ఒక డబ్బాలో పెట్టి మూత వేసినట్టు.

కానీ ఇంకా స్కూటర్ల మీద, ఆటోల్లో జనం వస్తూనే ఉన్నారు. బండ్లు వెనక్కీ ముందుకీ తిరుగుతున్నాయి. మా అబ్బాయికి నాలుగేళ్లు, చక్రం కనిపిస్తే దాని దగ్గరికే పోతాడు. మా అమ్మాయికి ఏడేళ్లు, చెప్పిన మాట దాటదు. ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. "టెంట్‌లోనే ఆడుకోండి. నేను పిలిచేదాకా బయటికి రావద్దు. తమ్ముణ్ణి రానివ్వకు. ఇక్కడ ఇదే అన్నిటికన్నా గట్టి చోటు."

ఇది కూడా తిప్పి తిప్పి చూశాను. బండ్లు తిరిగే చోట ఏ తల్లైనా ఇంతకన్నా ఏం చెబుతుంది?

పొద్దు వాలుతుండగా టీ పెడదామంటే పాలు విరిగిపోయాయి. ఎండలో వచ్చాయి మరి. మేనేజరుగారి భార్య తన తమ్ముడితో, "లింగంపల్లి వెళ్లి పాల ప్యాకెట్లు పట్టుకురారా" అంది. ఆ తమ్ముడు ఆలస్యంగా స్కూటరు మీద వచ్చి, జామచెట్టు కింద నిద్రపోయి అప్పుడే లేచాడు. అంతమందికి పాలంటే స్కూటరు చాలదు. వ్యాను వాళ్ల రెండిళ్లకూ ఉమ్మడి బండి, వారం రోజులు బావగారు ఆఫీసుకు, ఆదివారాలు బావమరిది కొట్టు సామానుకు. రెండో తాళం ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అతను ముందువైపునుంచి నడిచి వచ్చి ముందు తలుపు తీసుకుని ఎక్కాడు. తాడు వెనక ఉంది. జనరేటరు హోరులో ఇంజన్ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

నేను డబ్బాలో వినాయకుణ్ణి చూసి, మళ్లీ తాడు వైపు తల తిప్పేసరికి తాడు వణకడం మానేసింది. గీత గీసినట్టు బిగిసింది.

అప్పుడు లేచాను. తాళాలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. ముందు వ్యాను వైపు పరిగెత్తానా, టెంట్ వైపా? వ్యాను వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగానని అక్క అంటుంది. నాకు గుర్తు లేదు. "అరె ఆపురా, ఆపు" అని అక్క అరవడం మాత్రం గుర్తుంది. వెనక గుంజ ఒరిగింది. పైన గొట్టం ఊడి కిందికి వచ్చింది. కాన్వాసు మొత్తం ఒక్క ఊపులో కూర్చుండిపోయి, కొంత దూరం వ్యాను వెనకే పాకింది. తర్వాత ఫట్‌మని చప్పుడు. వ్యాను బంపరు ఊడి నేల మీద పడింది.

గుంజ ఒరుగుతున్నప్పుడే పిల్లలు గుమ్మంలోంచి బిలబిలా బయటికి వచ్చేశారు. ఒక్కొక్కరి ముఖమూ చూస్తున్నాను. వాళ్లలో నావాళ్లు లేరు.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నాకు ముక్కలుగానే ఉంది. అందరూ వచ్చారు. ఒకరు ఇటు లాగండంటారు, ఒకరు అటు. తడిసిన పరుపంత బరువుంది ఆ కాన్వాసు. గుమ్మం ఎక్కడుందో తెలియడం లేదు, గుడ్డంతా ఒకేలా ఉంది. "కత్తి తెండి, కోసేద్దాం" అన్నారెవరో. కూరగాయల కత్తి తెచ్చి పొడిస్తే దిగలేదు. నేను నేల మీద పడుకుని గుడ్డ అంచు పట్టుకుని, "అమ్మలూ, చిన్నోడా" అని పిలుస్తున్నాను. నా గొంతు నాకే వినపడడం లేదు. ఎవరో జనరేటరు ఆపారు.

అప్పుడు కిందినుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. ఏడుపు లేదు అందులో.

"అమ్మా, ఇప్పుడు రావచ్చా?"

ఆ గొంతు వచ్చిన చోట అందరూ కలిసి ఎత్తారు. ఇనప గొట్టం చుట్టిపెట్టిన పరుపుల మీద పడి ఆగింది. పరుపుల పక్కన ఆ సందులో, తమ్ముణ్ణి రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుని ఉంది. వాడి కనుబొమ్మ మీద గుంజ కొస తగిలి రక్తం కారుతోంది. వాడు ఆమె చేతుల్లోంచి జారుకోవాలని పెనుగులాడుతున్నాడు. నేను వచ్చి ముట్టుకున్నాకే ఆమె చేతులు వదిలింది.

లింగంపల్లిలో ఒక దవాఖానలో వాడికి కుట్లు వేశారు. రిసెప్షన్ అక్క తన కొంగుతో వాడి ముఖం తుడుస్తూ నా పక్కనే కూర్చుంది. డాక్టరు, "ఎట్ల తగిలింది?" అని అడిగాడు. టెంట్ కూలిందన్నాను. "పెండ్లి పందిరా?" అన్నాడు. కాదు, పడుకునే టెంట్ అన్నాను. ఊళ్లో ఇల్లుండగా టెంట్‌లో ఎందుకు పడుకున్నారని అడగబోయి, నా ముఖం చూసి సూది అందుకున్నాడు. మిగతావాళ్లు కూడా ఆ రాత్రి అక్కడ ఉండలేదు. పెద్దాయన వచ్చేసరికి అందరూ పరుపులు కార్ల మీదికి ఎక్కిస్తున్నారట.

సోమవారం మీటింగ్ పెట్టారు. తప్పెవరిదని కాదు, తెలుసుకుందామని అన్నారు. ఎంత సేపు మాట్లాడినా ఏమీ తెలియలేదు. బావమరిదిని కూడా పిలిపించారు. "తాళం నా జేబులో ఉందండీ. తాళాలు తీసుకున్నారని నాకెవరు చెప్పారు? మా అక్క పాలు తెమ్మంది, వెళ్లాను" అన్నాడు. నిజమే. తాళం ఇచ్చేశాను కాబట్టి బండి కదలదనే అనుకున్నానని మేనేజరుగారు అన్నారు. ఆయన ముఖం చూస్తే రెండు రోజులుగా తిన్నట్టు లేదు. కార్లకు కట్టడం తాను చెప్పలేదని, కట్టమంటే కట్టానని టెంట్ హౌస్ ఆయన అన్నాడు. అదీ నిజమే. చివర్లో ఒక మాట కూడా అన్నాడు. "గని సార్, గుడ్డ చూసిండ్రా? నూలుపోగు గూడ చినగలే. బంపర్ వోయింది, టెంట్ వోలే."

పెద్దాయన నా వైపు చూశాడు. గట్టిది కావాలన్నది ఆయనే. గట్టిదే తెచ్చాను. ఆ గట్టితనం వల్లే గుడ్డ చిరగకుండా, తాడు తెగకుండా, గుంజా గొట్టమూ పిల్లల మీదికి వచ్చాయి. మొదట చూసిన ఆ పల్చటి టెంట్ అయితే, బండికి కట్టినా తాడో బట్టో ముందే తెగిపోయేది. కూలినా మీద పడేవి పుల్లలు. రెండో గుమ్మం కూడా ఉండేది. టెంట్ నిలబడుతుందా అని అందరినీ అడిగాను, నిలబడకపోతే ఎలా పడుతుందని ఎవరినీ అడగలేదు. మీకు ఎవరైనా టెంట్ కొనమంటే అది అడగండి. కింద నేల ఎలాంటిదో ముందు చూసి రండి. కదిలే దేనికీ తాడు కట్టకండి. ఇంతకు మించి సలహాలు నా దగ్గర లేవు. నిలబడి చీర కట్టుకునే చోటు కావాలనే మాట ఇప్పటికీ తప్పని చెప్పలేను.

ఉద్యోగం మానేసింది దీని వల్లేనా అని అక్క కిందటి వారం ఫోన్ చేసి అడిగింది. కాదన్నాను. తర్వాత చాలాసేపు ఆలోచించాను. ఔననీ అనలేను, కాదనీ అనలేను. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు అదే బల్ల వెనక కూర్చుని కుర్చీలూ ఫ్యాన్లూ కొన్నాను. ఏది గట్టిదని ఎవరైనా అడిగితే మాత్రం మీరే చూసుకోండనేదాన్ని.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను చెప్పదలుచుకున్నది ఆదివారం ఉదయం గురించి.

నేను లేచేసరికి మా అమ్మాయి మంచం మీద కూర్చుని తమ్ముడి కట్టు చూస్తోంది. వాడు నిద్రపోతున్నాడు. పక్కన కూర్చున్నాను. నొప్పేమైనా ఉందా అని అడిగాను. లేదంది.

"గుంజ వంగుతుంటే చూశావా?"

"చూశాను."

"మిగతా పిల్లలు వెళ్లిపోయారు కదా."

"వీడు కూడా వెళ్తానన్నాడు. నేనే పట్టుకున్నాను," అంది. మెచ్చుకుంటానేమోనన్నట్టు నా వైపు చూసింది. "నువ్వు పిలవలేదు కదా అమ్మా. ఇదే గట్టి చోటన్నావు కదా."

మా మాటలకు వాడు కూడా లేచాడు. కట్టు మీద చెయ్యి పెట్టుకుని మా ఇద్దరి మధ్యకు జరిగాడు. నేను రాత్రంతా ఒకటి అనుకుని ఉంచుకున్నాను, బాగా చదువుకున్న తల్లి పిల్లలకు వివరించినట్టు చెబుదామని. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"చూడు అమ్మలూ," అన్నాను. "నేను బయట కూర్చున్నాను. నీకు కనిపించిన గుంజ నాకు కనిపించలేదు. ఇంకెప్పుడైనా అలా ఏదైనా వంగడం నీ కంటికి కనిపిస్తే నేను పిలుస్తానని ఆగకు. తమ్ముణ్ణి తీసుకుని వచ్చెయ్."

"నువ్వు రావద్దని చెప్పినా?"

"చెప్పినా."

"అయితే నీ మాట వినాలా, వద్దా?"

"వినాలి," అన్నాను. అని, అది సరిపోదని తెలిసి, వాడి కట్టు సర్దాను.

మా అబ్బాయికి ఇదంతా అక్కర్లేదు. వాడికి కావాల్సింది ఒక్కటే. "అలా వచ్చేస్తే తిడతావా?" అన్నాడు.

"తిడతానేమో," అన్నాను. "అయినా వచ్చెయ్యండి."